నలభై మూడో పేజీ

మా తాత కాలం నుంచీ మా తేనెపెట్టెలకు మొహాలున్నాయి.
ఒకదాని పలక మీద, చచ్చిన వేటగాణ్ణి
ఎలుగుబంట్లూ కుందేళ్ళూ ఊరేగించుకుపోతుంటాయి.
ఇంకోదాని మీద మీసాల దెయ్యం
ఎవరి నాలుకకో సాన పడుతుంటుంది.
బొమ్మను చూసే తేనెటీగ తన ఇల్లు పోల్చుకుంటుందట.
నిజమో కాదో, దాన్నెవరూ అడగలేదు.

స్లొవేనియా తేనెవాళ్ళం అంతర్జాలంలో కట్టుకున్న చోటూ అలాగే ఉండేది.
లిండెన్ పూత ఒక గది, రోగాలు ఒక గది,
అమ్మకాలూ కొనుగోళ్ళూ ఒకటి,
చివర్న "ఊరికే" అని ఒకటి. అందరూ ఉండేది అక్కడే.
నేను, మిలోయ్‌కా, సోచా పైలోయలో ఉత్తరాలు పంచి వచ్చి
రాత్రి తొమ్మిదికి ఆ గదుల తాళంచెవులు పట్టుకునేదాన్ని.
పద్నాలుగేళ్ళు.

అక్కడ మనుషులకు మొహాల్లేవు.
పాతమైనం. కుంటిరాణి. చలిచీమ.
పాతమైనానికి వయసెంతో తెలీదు గానీ
ఏ ఏడు మంచుకు ఎన్ని పెట్టెలు పోగొట్టుకున్నాడో తెలుసు.
ప్రశ్న వేస్తే, ప్రశ్న అక్కడే కూర్చునేది.
ఒకటి పదకొండు రోజులు కూర్చుంది.
పన్నెండో రోజు మూడు పేజీల జవాబు,
"ఆలస్యానికి మన్నించు, ఆవు ఈనింది" అని మొదలు.

"అత్తా, జనమంతా ఇటొచ్చేశారు" అని
మా తిలెన్ నా ఫోన్లో కొత్తది పెట్టాడు.
వచ్చేశారు నిజమే. అబద్ధమెందుకు,
మొదటి వారం పండగలాగే ఉంది.
కుంటిరాణి ఆరున్నర అడుగుల బస్సు డ్రైవరని తెలిసి
రెండు రోజులు నవ్వుకున్నాను.
గదులు లేవక్కడ, వాగుంది.
ఎవరి గడపకు ఏం తేవాలో వాగే తేల్చుకుంటుంది.
నాకు తేనె తెచ్చింది, తర్వాత పిల్లుల్ని,
తర్వాత ఎవరి మీదో ఎవరికో ఉన్న కోపాన్ని.
మొన్న ఎవరో చెప్పిన మందు పేరు కోసం
ఒక సాయంత్రమంతా ఎగువకు ఈదాను. దొరకలేదు.

మే నెలలో మూడో పెట్టె తెరిస్తే
పిల్లల పట్టు, పురుగు కొట్టిన కంబళిలా చిల్లులు.
ఫొటో తీసి పెట్టాను. కింద అడిగాను: ఇలా ఎందుకవుతోంది?
తొమ్మిది వందల ముప్ఫై ఎర్ర గుండెలు.
"ఎంత బాగుందో!"
"ఆ వెలుతురు చూడండి!"
పొద్దుగూకేసరికి నా ప్రశ్న
ఏ వంతెన కింద దాటిపోయిందో.

పాత చోటికి వెళ్ళాను.
పాస్‌వర్డు వేళ్ళకే గుర్తుంది: చచ్చిపోయిన కుక్క పేరు.
తలుపు మీద, నెలాఖరుకు మూసేస్తున్నామని
నేనే అంటించిన నోటీసు.
రోగాల గదిలో అడిగాను,
కరెంటు పోయిన ఇంట్లో "ఎవరూ?" అన్నట్టు.

నాలుగో రోజు జవాబొచ్చింది.
చలిచీమ.
ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటామే,
ఆ ఉలిపికట్టె.
రెండు వేల తొమ్మిదిలో,
ఆమ్లం ఆవిరి పట్టాలా చుక్కలుగా పొయ్యాలా అని
తేనెతుట్టెను కదిపి, నాతో
నలభై రెండు పేజీలు పోట్లాడినవాడు.
గెంటేసి తాళం వేసింది నేనే.
ఏడాది తిరక్కుండా, ఎవరికీ చెప్పకుండా,
లోపలికి రానిచ్చిందీ నేనే.

"రాణి తన రక్తంలోని మగవాటితోనే జతకట్టి ఉంటుంది.
మార్చెయ్. ఇరవయ్యో తారీఖు దాటనివ్వకు.
ఇంకో సంగతి.
అప్పుడు నేను చెప్పిందే రైటు."

రాణిని మార్చాను.
నోటీసు పీకేశాను. ఆ చోటుకు ఏడాది అద్దె
పన్నెండు సీసాల తేనె, అంతేగా.
పాత తగాదా తాళం తీసి
నలభై మూడో పేజీ మొదట్లో రాశాను:
"కాదు."

తొందరేం లేదు.
వాళ్ళ లోయలో ఇప్పుడు గడ్డికోతలు.