రాస్కెల్ కంచం

మొదటిరోజు ఆవిడ "రాస్కెల్!" అని కేకేస్తే
పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.
తిట్టు కాదు, పేరట.
ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయిన
గోధుమరంగు ముసలి కుక్క
నా చెప్పులు వాసన చూసి, తుమ్మి, వెళ్ళిపోయింది.

హల్ ఊళ్ళో, గాలి తిరిగితే నది బురద వాసనొచ్చే వీధిలో
మేవిస్ ఔత్‌వెయిట్ ఇంట్లో పైగది నాది.
ఆస్పత్రి లాబ్‌లో పని:
గాజు పళ్ళేల మీద రాత్రికి రాత్రి మొలిచే చుక్కల్ని
పొద్దున్నే లెక్కపెట్టడం.
కంటికి కనబడనిదాన్ని నమ్మడానికే నాకు జీతం.

ఆదివారం మధ్యాహ్నం తినడం అయ్యాక
మేవిస్ తన కంచం నేలమీద పెట్టేది.
నాలుక గుండ్రంగా తిరిగేది,
గ్రేవీ పోయి, బంగాళాదుంప పెచ్చు పోయి,
పింగాణీ మీది నీలం పువ్వొక్కటే మిగిలేదాకా.
తర్వాత అదే కంచం
ప్లాస్టిక్ తొట్టిలో, నురగనీళ్ళలో,
చెంచాలతో పాటు, నా టీకప్పుతో పాటు.
మంచినీళ్ళతో తొలపడం ఆ ఇంటి ఆచారం కాదు.
నురగతోనే బోర్లించేది.

నా నోటికొచ్చింది ఒక్కటే మాట: ఎంగిలి.
దాన్ని ఆవిడ భాషలో పెట్టలేకపోయాను.
క్రిములంటే, "డెబ్బై ఎనిమిదేళ్ళు, ఇంకా చావలేదుగా" అంది.
ఎంగిలంటే క్రిమి కాదు మేవిస్,
ఒక నోరు ఇంకో నోటికి దారి కనుక్కోవడం.

ఒకరోజు దొంగతనంగా ఆ కంచం తుడిచి
దూదిపుల్ల లాబ్‌కి పట్టుకెళ్ళాను.
ఫలితం ఇక్కడ రాయను.
నా ఫోను ఫలితం అసలే రాయను.

స్టీలు కంచం ఒకటి, గ్లాసొకటి కొనుక్కుని
బీరువా పై అరలో విడిగా పెట్టుకున్నాను.
పెట్టిన రాత్రే పైడమ్మ గుర్తొచ్చింది:
మా ఇంట్లో అంట్లు తోమి, మా మిగులన్నం తిని,
దొడ్డి గోడ మీది సొట్టగ్లాసులో నీళ్ళు తాగేది.
విడి గ్లాసు అప్పుడు ఆవిడది,
ఇప్పుడు నాది.
చాలాసేపు నిద్ర పట్టలేదు.

నవంబరులో మేవిస్ చెల్లెలింటికి వెళ్ళింది, మూడ్రోజులు.
కుక్క బాధ్యత నాది.
నా ఎంగిలి దానికెందుకు పెడతాను?
నేను తినకముందే, వేరే గరిటెతో,
మొదటి వాయి తీసి పెట్టాను:
వేడన్నం, నెయ్యి, ఉల్లిపాయ పులుసు.
రెండు పూటలు గిన్నె అద్దంలా నాకింది.
మూడోనాడు లేవలేదు.
చిగుళ్ళు సున్నం రంగు,
మూత్రం చింతపండు రసం.

"ఉల్లి పెట్టారా?" అంది డాక్టరు,
తిట్టకుండా, రాసుకుంటూ.

మేవిస్ కూడా తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.
"ఉల్లి గ్రేవీ చేసిన రోజు వాడికి కంచం పెట్టను,
నువ్వు గమనించావనుకున్నాను" అంది.
గమనించలేదు.
ఆ ఇంట్లోనూ ఒక మడి ఉంది.
చుక్కలు లెక్కపెట్టే కళ్ళకి ఆనలేదు.

వారానికి రాస్కెల్ ఇంటికొచ్చింది, మూడొంతులై.
ఉడికించిన కోడిముక్క, ఉప్పులేనిది, అరచేతిలో పెట్టాను.
ముక్క తిని, చెయ్యి నాకి,
వేళ్ళ సందులు కూడా నాకి, పడుకుంది.
సింకు దగ్గర రెండు కుళాయిలు,
ఒకటి కాలుస్తుంది, ఒకటి కొరుకుతుంది,
కలిసే చోటు లేదు.
అటూ ఇటూ చెయ్యి మారుస్తూ
మామూలుకంటే కొంచెం ఆలస్యంగా కడుక్కున్నాను.

నా కంచం ఇప్పటికీ నేనే తోముకుంటాను, మూడు నీళ్ళు పోసి.
రాస్కెల్‌కి దాని పేరు చెక్కించి గిన్నె కొన్నాను.
మేవిస్ మురిసిపోయింది.
ఆదివారం మిగిలిందంతా ఆ గిన్నెలోకి ఒంపుతుంది, శ్రద్ధగా.
ఒంపేశాక
కంచం కూడా నేలమీద పెడుతుంది.