మొదటి అంకె

చండూరు కాలేజీ ల్యాబులకెంచి
శనివారం సాయంత్రం, ఎవర్నీ అడగకుండ,
చున్నీల చుట్టుకొని తెచ్చిన హైడ్రామీటరు.
గాజు కడుపు, సన్నని మెడ,
మెడ పొడుగూత గీతలు.

మల్సూరు మామ దాన్ని ఎండకు పట్టి
"ఇది నాడి చూస్తదా?" అన్నడు.
చూస్తది.
తీపి ఉన్నంతసేపు పైకి తేలుతది,
ఆ తీపంత కైపుగ మారుతుంటే
మెల్లగ మునుగుతది.

లొట్టి వంచి, నురుగు ఊది,
చచ్చిన తేనెటీగలను వడగట్టి
గాజు గొట్టంల పోసిన.
బుడగలు దాని ఒంటికి అంటుకొని పైకి లేపుతయి,
అబద్ధం చెప్పిస్తయి.
రెండు వేళ్లతో గిర్రున తిప్పి వదలాలె.
అంచుకు ఎగబాకిన తడిని కాదు,
నడుమ పల్లంగ నిలిచిన మట్టాన్ని చదవాలె,
కన్ను దానికి సరిగ్గ దించి,
మండువ దుమ్ముల మోకాళ్ల మీద.

వెయ్యి మీద పద్నాలుగు.
గాజు మీద రాసుంది: ఇరవై డిగ్రీలు.
ఇరవయ్యా! మే నెలల మా దిక్కు
బాయి అడుగున సుత దొరకవు.
నలభై ఒకటి ఎండకు ఏడు కలిపిన.
ఇరవై ఒకటి.

"నాది పొద్దుగాల రెండువందల పది,"
పరగడుపు షుగరు సంగతి ఎత్తిండు మామ.
"నా ఒంట్ల తీపి దిగదు,
దీని కడుపుల నిలవది."

మత్తెంతో చెప్పాలంటే
ఈ అంకె ఒక్కటే చాలదు,
మొదట తీపి ఎంతుండెనో తెలవాలె.
మొదలంటే ఎప్పుడు?
చుక్క పడంగనే పులుసుడు షురూ,
నిన్నటి లొట్టే దానికి తోడు.
మామ చెట్టు దిగేసరికి
అది సగం తొవ్వ నడిచే ఉంటది.

అందుకే ఆదివారం, ఇంకా చీకటుండంగనే,
రాత్రి కట్టిన కొత్త లొట్టి కోసం,
లోపల సున్నం పూత,
మోకు బిగించి ఎక్కిండు,
కత్తి పక్కన గుడ్డల గాజు.
నోటుబుక్కు పట్టుకొని కింద నేను.

మట్టల నడుమ ఫోను లైటు వెలిగింది.
కండ్లద్దాలు ఇంట్ల మరిచిండట.
"ఎర్రపట్టీ దాటి నాలుగు గీతలు!
ఐదోది ఊగుతున్నది,
ఊగేది గాజా, మట్టా, నేనా
తెలుస్తలేదే!"

"నాలుగా, ఐదా?" అని అరిచిన.
జవాబు లేదు.
కాసేపటికి గెల మీద కత్తి గీరిన చప్పుడు.

నాలుగున్నర అని రాసుకున్న.
సోమవారం అల్మారల పెట్టేముందు
మూడుసార్లు కడిగిన,
వాసన పోలే.