మూడు వేళ్ళు తక్కువ

కిలో ముప్పైరెండు లెక్కన తూచాడు కరీముల్లా.
పాత ఇనుముకి ముప్పై,
ఇంకా రేకు వంచుతుంది కాబట్టి పైన రెండు.
కాటా మీద రెండొందల అరవై కిలోలు.
ఆటోనగర్ అడ్డరోడ్డులో
ఎవరిదో జీవితకాలం పని
మేం టీ తాగేలోపు బరువైపోయింది.

పటమట దాకా
ట్రాలీ ఆటో మూలుగుతూనే వచ్చింది.
మెట్లెక్కించడానికి ఆరుగురం, కింద నాలుగు గొట్టాలు.
ఏడో మనిషి మా మరియరత్నం,
గడప మీద నిలబడి
"మంచం ఎక్కడ వేస్తావో ముందు చెప్పు" అంది.
చెప్పలేదు.
ఆ రాత్రి మిషను లోపల పడుకుంది, మేం అరుగు మీద.

మర్నాడు విప్పటం మొదలుపెట్టాను.
కీలు చీలలు కదల్లేదు.
కిరసనాయిలు, డీజిలు, ఆఖరికి కొబ్బరినూనె,
మూడు రోజులు నానబెట్టి సుత్తితో పలకరిస్తే
ముందు మట్టి రాలింది.
ఎండిపోయిన బుడమేరు,
మెత్తగా, ముఖానికి రాసుకునే పౌడరులా.
వరద ఇంత లోపలిదాకా వచ్చి చూసి పోయిందా!
మట్టి వెనక తుప్పు,
తుప్పు వెనక గడ్డకట్టిన గ్రీజు,
గ్రీజు వెనక
నిన్న కడిగిపెట్టినట్టు ఉక్కు.

రేకుని అదిమిపట్టే దూలానికి
పన్నెండు వేళ్ళుండాలి. తొమ్మిదే ఉన్నాయి.
నా కుడిచేతి చూపుడువేలు సగమే,
లారీ బాడీ షాపులో చేరిన రెండో ఏడు
కటింగ్ మిషను కింద పోయింది.
ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం లెక్కపెట్టుకున్నాం.

దానికైతే మళ్ళీ మొలిపించొచ్చు:
లారీ కమాన్‌పట్టీ ముక్కలు మూడు,
గ్రైండరు, ఆకురాయి, నాలుగు ఆదివారాలు.
గోడవతల నుంచి సుబ్బాయమ్మ గారు
"ఏవయ్యా దానయ్యా, మా దీపాలు గుడ్డివైపోతున్నాయి" అంటే
గ్రైండరు ఆపేసి ఆకురాయి అందుకునేవాణ్ణి.
ఆకురాయి ఆలస్యం,
కానీ ఎంత తిన్నదీ దాచదు.

వంచే అంచు మీద స్కేలు నిలబెట్టి
వెనక టార్చి వేస్తే
నడిమధ్య సన్నగా వెలుతురు.
పాత ఆసామి చిన్న ముక్కలన్నీ అక్కడే వంచేవాడన్నమాట.
ముప్పై ఏళ్ళ తొందర వెంట్రుకవాసి పల్లం చేసింది.
తిట్టబోయి ఆగాను.
నా చెయ్యి మటుకు ఎక్కడికి పోతుంది?
ఇత్తడి రేకు దొరికేదాకా అని
పసుపు మూలల శుభలేఖ ఒకటి మడిచి ఎత్తు పెట్టాను.
ఎవరి పెళ్ళో చూడలేదు.
ఇంకా అక్కడే ఉంది.

కొలత తప్పకుండా వెనక అడ్డపట్టీ,
పిడికి సైకిలు గ్రిప్పులు,
బరువు మొయ్యడానికి పాత కారు డిక్కీ గ్యాసుకడ్డీలు రెండు.
కోణం చూసుకోడానికి
మా కెజియా జామెట్రీ బాక్సులోని కోణమానిని.
పారేసుకున్నానని టీచరుతో అబద్ధం చెప్పిందట పిల్ల.

తొంభై గీత దగ్గర ఆపాను.
పిడి వదిలితే ఎనభై ఏడుకి వచ్చేసింది.
"తప్పు" అంది కెజియా.
"తప్పు కాదమ్మా, రేకు మాట రేకుకుంటుంది.
తొంభై కావాలంటే
తొంభైమూడు దాకా తీసుకెళ్ళి వదిలెయ్యాలి.
అదే వెనక్కొచ్చి నిలబడుతుంది."
బియ్యం ఏరుతూ మరియరత్నం
"నాతో అందుకేనా అంత గట్టిగా మాట్లాడతావు" అంది.
నవ్విందో లేదో
రేకు చప్పుడులో తెలియలేదు.

కూలరు పెట్టెల ఆసామి సోమవారం వస్తానన్నాడు.
ఈలోగా ఒకటి చేశాను, అమ్మకానికి కాదు.
మూడు మడతలు, రెండు రివిట్లు:
చెత్త ఎత్తే చేట.
గది మూలల్లో పడ్డ
మిషను తుప్పు, నా ఆకురాయి పొడి, బుడమేరు,
అన్నీ దాంట్లోకే ఊడ్చాను.
పారబొయ్యబోతుంటే కెజియా అయస్కాంతం పట్టుకొచ్చింది.
మట్టి మట్టిగా కిందే ఉండిపోయింది.
ఇనుము మాత్రం
కోపమొచ్చిన పిల్లి వీపులా
లేచి నిలబడింది.