నాలుగంకెల చోటు

బతూమి రేవులో వాన పడని రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
తడిచేతులతోనే కాగితాలందిస్తారు గార్డులు.
పదకొండేళ్ళ రిపోర్టులున్నాయి టీపొడి డబ్బాలో.
కొన్నిటికి తేదీ లేదు, కొన్నిటికి సంతకం లేదు,
ఒకటైతే సిగరెట్ పెట్టె అట్ట మీద.

జూంబెర్‌కి అన్నీ పేర్లతోనే తెలుసు.
కుక్క కరిచిన రాత్రిది కావాలంటే చటుక్కున తీసిస్తాడు.
రాగితీగ పోయినదంటే
"ఏ రాగితీగ? మొదటిదా, అల్లుడు పట్టుబడ్డదా?" అంటాడు.
వచ్చే నెల అతను రిటైరవుతాడు.
అందుకే నన్ను కూచోబెట్టారు ఈ పనికి.

సంవత్సరం, ఓ గీత,
గేటు అక్షరం, ఇంకో గీత,
ఆపైన వరుస సంఖ్య.
ఎన్నంకెలు? నాలుగన్నాను.
నాతెలా మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది.
"మన రేవులో ఏడాదికి పదివేల దొంగతనాలా?"
చోటుంటే తప్పేముంది అన్నాను.
"చోటుంటే నిండుతుంది" అందావిడ.

నియమాలు గోడకంటించాను.
నంబరు పడేది కేసు తెరిచినప్పుడు, తేలినప్పుడు కాదు.
దొంగనుకున్నది పిల్లని తేలినా
ఆ నంబరిక పిల్లిదే.
కొట్టేయొచ్చు గాని మరొకరికివ్వకూడదు.
మొదటి వారానికే మూడు పిల్లులు.

శుక్రవారం, షిఫ్టు మారే వేళ
జూంబెర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.
కొత్త ఫారాల మీదికి నీళ్ళు కారాయి.
"నాలుగేళ్ళ కింద. జనవరి. ఐదో బెర్తు.
మెట్ల నిండా నాచు.
గోచా పడ్డాడు.
ఆ రోజు సెలవులో ఉన్నాడని రాయించారు నాచేత.
దానికే నంబరిస్తావు?"

ఆ ఏడాదికసలు వరుసే లేదు.
సున్నా ఇద్దామంటే కంప్యూటరు తీసుకోదు.
వెనక్కెళ్ళి నంబరు పుట్టించకూడదని
నా చేత్తోనే రాసి అంటించాను.
రేకుల మీద వాన. ఎవరిదో పడవ మోటారు, ఆగి, మళ్ళీ మొదలై.

స్కేలు తీసుకుని, ఉన్న గడి మధ్యలో
నిలువుగా ఓ గీత గీశాను:
జరిగిన తేదీ. చెప్పిన తేదీ.

అతను చెప్పాడు, నేను రాశాను.
గోచా ఇంటిపేరు రెండుసార్లు చెప్పించుకున్నాను
అక్షరం పోకుండా.
సంతకం దగ్గర పెన్ను పలకలేదు,
ఇంకోటిచ్చాను.

ఎనిమిది: బాని గేటు దగ్గర పోయిన గొడుగు.
తొమ్మిది: గోచా.
పది: మూడో గోదాము తాళం విరిగింది,
వివరాలు రావలసి ఉంది.