అతుకు

రెండూ ఒకే పొడుగు.
పిన్నులు లెక్కబెడితే అవీ సమానమే,
రెండు వందల ఎనభై ఎనిమిది.
నడుమ గాటు మాత్రం
పోగంత పక్కకు జరిగింది.
అంతే, పాత బోర్డు నోరు తెరువదు.

"ఒత్తకు అక్కా, విరుగుతది" అన్నడు కుర్మయ్య,
గద్వాల పాత బస్టాండు కాడ
స్క్రూలన్నీ చాయ్ సాసర్ల పోసుకొని.
ర్యామ్ మారితే బోర్డు మారాలె,
బోర్డు మారితే ప్రాసెసరు.
అంచు నచ్చలేదంటే
మగ్గమే మార్చుమన్నట్టు.

పక్కింట్ల మన్నెమ్మ
ఒడిసిన పడుగు కొసల్ని అచ్చులనే ఉంచి
బూడిద అద్దిన వేళ్ళతోటి
కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలేస్తుంది.
నాలుగు వేలు.
పాతదాన్ని గుంజి పారేసుడు ఆమెకు తెల్వదు,
కొత్తది దాని ఎంబడే నడిచొస్తది.

నా డీడీఆర్ ఫోర్ జతను
నేను పెట్టినదానికన్న ఎక్కువకే
ఎత్తుకపోయిండు ఇటిక్యాల పిలగాడు.
తయారీ తగ్గిందట, పిరమైందట.
ఎనిమిదేండ్లు కోటకొమ్మలు మోసిన కడ్డీలు
ఇగ తుపాకుల ఆటలాడుతయి.

కొత్తది పెట్టి బటన్ నొక్కిన.
తెర నల్లగ.
ఒక నిమిషం. రెండు.
"మొదటిసారి గంతే, నేర్చుకుంటుంది" ఫోన్ల కుర్మయ్య.
ఏం నేర్చుకుంటదో, ఎవరి దగ్గరో.

డబ్బాల మార్చనిది ఒక్కటే,
తొమ్మిది వందల అంచులున్న పాత డిస్కు.
గోడ అవతల మన్నెమ్మ
ఇంకో పోగుకు బూడిద అద్దుకుంటుంది.

మూడో నిమిషంల
ఫ్యాన్ గొంతు మారింది.