ఒంటపట్టడం

నారండెరాలో శుక్రవారం పొద్దున అయిదున్నరకి
మంచు ఇంకా కంచె తీగల మీదే ఉంటుంది.
రబ్బరు బూట్లలో కాళ్ళు నావి కావు.
లెనోర్ వల దించుతుంది,
నేను తూకం రాస్తాను.

ఈ మర్రే కాడ్ పిల్లలకి
కిందటేడు నవంబరులో అన్నప్రాశన చేసింది నేనే.
షెడ్డులో నీలం తొట్లు, గోరంత ఒళ్ళు.
అప్పటిదాకా బతికున్నదే తిన్నాయి,
కదిలేదే తిండి అని పుట్టుకతోనే తెలిసినవి.
కదలని పొడిని కదిలినట్టు చల్లాలి,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ,
ముగ్గు వేసే చేత్తో.
మనం పిల్లాడి ముందు పుస్తకం, కత్తి, బంగారం పెట్టి
ఏది పట్టుకుంటాడో చూస్తాం కదా,
ఇక్కడ ఉన్నవి రెండే:
గోధుమరంగు పలుకు,
తమ్ముడి తోక.

తోక పట్టినవాటిని ఏరి వేరే తొట్టిలో వేశాం.
మూడో వారానికి ఆరు మిగిలాయి.
ఆరూ లావుగా.

మిగతావాటికి మూడు చెరువులు, మూడు మేతలు.
మొదటిదానికి సముద్రం పొడి.
ఎక్కడో పట్టి, ఎండబెట్టి, పిండి చేసిన చిన్న చేపలు
ఉప్పెరగని ఈ నోటికోసం బస్తాలెక్కి వచ్చాయి.
రెండోదానికి సోయా, కోడికొవ్వు. చవక.
మూడోదానికి ఈగ పురుగులు,
హోటళ్ళ మిగులు తిని పెరిగినవి.
ఆ బస్తా విప్పితే వేయించిన వేరుశెనగ వాసన.
ఒక పలుకు నోట్లో వేసుకున్నాను.
లెనోర్ చూసింది, ఏమీ అనలేదు.
మర్నాడు తనూ వేసుకుంది.

రెండు ఎండాకాలాలు రాశాను.
రెండో చెరువే ముందు నడిచింది,
సగటున ఎనిమిదొందల అరవై గ్రాములు.
బ్యాంకు నుంచి వచ్చిన ట్రెవర్
ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి "ఇదే" అన్నాడు.
లెనోర్ కత్తి తీసింది.

చెరువుకొక్కటి చొప్పున, పక్కపక్కన.
మొదటిదాని కాలేయం తడి ఇటుక రంగు.
రెండోదానికి మొన తగలగానే
తెల్లగా జారింది కొవ్వు,
పేగుల మీద దుప్పటి కప్పినట్టు.
కాలేయం, పాలు ఎక్కువైన టీ.
ఆ కొవ్వు తీసేసి మళ్ళీ తూస్తే
అంకె మూడోదాని కిందికి దిగింది.
మూడోది చిన్న చేప.
పొట్టలో చోటుంది. తోక దగ్గర కండ
వేలు నొక్కితే తిరిగి లేచింది.

మా ఇంట్లో పిల్లల్ని ఎత్తుకుని చూసి
"తిన్నది ఒంటపట్టింది" అనేవారు,
లేకపోతే నిట్టూర్చేవారు.
ఎంత తిన్నావని కాదు,
ఏం తిన్నావని కూడా పూర్తిగా కాదు,
తిండికీ ఒంటికీ మధ్య మాట కుదిరిందా అని.
ఆ మాట లెనోర్‌కి ఇంగ్లీషులో చెప్పబోయి
నిష్పత్తి అన్నాను, అరుగుదల అన్నాను,
కిలోకి కిలోమూడొందలు అన్నాను.
ఏదీ అతకలేదు.
చివరికి నా ముంజేయి చాపి
కండ పట్టి నొక్కి చూపించాను.
ముప్పై ఏళ్ళు దూడల్ని సాకిన మనిషి,
వెంటనే తలూపింది.

ఆర్డరు కాగితం మీద మూడో మేత రాసింది.
ధర చూసింది.
సగం కొట్టేసి, పక్కన సోయా రాసింది,
ఈసారి కొవ్వు తగ్గించి.
ట్రెవర్ వచ్చే నెల మళ్ళీ వస్తాడు.

షెడ్డులో ఆ ఆరింటిలో ఒకటి ఇంకా ఉంది.
దాని ఒంట్లో ఎవరెవరు ఉన్నారో
నా పుస్తకంలో లేదు.

అమ్మకానికి ముందు పది రోజులు లంఘనం,
నీచు పోయి మాంసం తేటపడాలని.
అది వాటికి ఎవరు చెప్పాలి?
నా బూట్ల చప్పుడికి
అన్నీ ఒడ్డుకి వస్తాయి, నోళ్ళు తెరుచుకుని,
ఏ చెరువువైతేనేం.
ఖాళీ బక్కెట్టు
వీపు వెనక పట్టుకుని నడుస్తాను.