చుక్కల లెక్క

నాచారంలో, బిస్కెట్ల కంపెనీ వెనక సందు, రెండో అంతస్తు.
గోడ మీది గ్రాఫు కాగితానికి
ప్రతి సాయంత్రం ఒక చుక్క పెడతాను:
ఇవాళ్టిదాకా దొరికిన తప్పులు ఇన్ని.

మొదటి వారం చుక్కలు మెట్లెక్కినట్టు ఎక్కాయి.
ఇప్పుడు గీత నడుం వాల్చింది.
పదిరోజులుగా అదే ఎత్తు.
"ఇగ చాలు గదా," అంటాడు అనంతాచారి,
బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ.

చాలు.
విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి అనే మాట.
ఇక్కడ ఎవరి చెయ్యి అడ్డం పెట్టాలి?
మేం పరీక్షిస్తున్నది సెలైన్ పంపును.
ఇందులో ఒక తప్పు మిగిలితే
అది ఏ వార్డులోనో, ఎవరి నరంలోకో
చుక్క చుక్కగా దిగుతుంది.

మెహజబీన్‌నీ నన్నూ వేరే గదుల్లో కూర్చోబెట్టారు,
ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వెతకమని.
ఆమెకు ఇరవై నాలుగు. నాకు ఇరవై.
జాబితాలు పక్కపక్కన పెడితే పదహారు ఇద్దరివీ.
గుణించి భాగిస్తే మొత్తం ముప్పై ఉండాలి.
మా చేతిలో ఇరవై ఎనిమిది.
అంటే రెండు
ఏ వరుస చాటునో ఊపిరి బిగబట్టి ఉన్నాయి.
ఎన్నో తెలిసింది, ఏవో తెలియదు.

టీ చల్లార్చుకుంటూ మెహజబీన్ అంది:
"మనిద్దరికీ టెస్టింగ్ నేర్పింది అమీర్‌పేటలో ఒకే సారు.
ఆయన చూపు పోని చోటికి నీ చూపు పోతదా, నాది పోతదా?
రెండు కాదబ్బా, ఇంకా ఎక్కువే."
లెక్కలో పొరపాటు లేదు.
మమ్మల్నే అది ఇద్దరనుకుంది.

ఆ రాత్రి బల్లలు తుడుస్తూ బాలమణి
నడుస్తున్న పంపును కూడా తుడిచింది, తడిబట్టతో.
ఆమె అరచేతి కింద రెండు మీటలు ఒకేసారి పడ్డాయి.
తెర మీద అంకె బిగుసుకుపోయింది,
గొట్టంలో చుక్క మాత్రం పడుతూనే ఉంది.
"నేనేం జేయలే మేడం," అని బట్ట వెనక దాచుకుంది.

ఇరవై తొమ్మిది.
ఇది ఆ రెండింట్లో ఒకటో, లెక్కకే రానిదో
ఏ సూత్రమూ చెప్పదు.

పొద్దున అనంతాచారి ముందు కాగితం పెట్టాను.
'తప్పులు లేవు' అన్న గడి ఖాళీగా వదిలి
పక్కన రాశాను: ఇన్ని గంటలు నడిపాం, ఇన్ని దొరికాయి,
ఇంకా ఉంటాయి, ఇన్ని అని నా అంచనా,
ఆ అంచనా మీద నా అనుమానం ఇంత.
తాళంచెవి తిరగడం ఆగింది.

గోడ మీద కొత్త చుక్క, ఒక మెట్టు పైన.
బాలమణికి మిగతా పంపులన్నీ చూపించాను.
వీటిని కూడా తుడువు.
నీకు తోచినట్టే తుడువు.